ఏడో నంబరు ఫారం

మా పెద్దనాన్న కొడుకంటే నాకు ఒళ్ళుమంట. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ హాయి, చదివేవాళ్ళకూ హాయి. తర్వాత నేను చేసిన పని చదివి, అయ్యో, ఏ పరిస్థితుల్లో చేశాడో పాపం అని నా మీద ఎవరూ జాలిపడనక్కర్లేదు. కోపంతో చేశాను. కూర్చుని, ఆలోచించి, మంచి పెన్ను వెతుక్కుని మరీ చేశాను.

మాది ఉత్తర తెలంగాణలో ఒక ఊరు. మా ఇళ్ళు పక్కపక్కనే. ఒమన్‌లో కూడా ఇద్దరిదీ ఒకటే కంపెనీ, మస్కట్ పక్కన ఘాలాలో ఒకటే క్యాంపు, ఒకటే రూమ్. ఆయన షట్టరింగ్ కార్పెంటర్. నేను టైమ్‌కీపర్‌ని, అంటే సైట్‌కు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఎప్పుడు దిగారు అని రాసుకునేవాణ్ణి. ఆరుగురు పడుకునే ఆ రూమ్‌లో ఆయన మంచం కిటికీ వైపు, నాది తలుపు వైపు. మధ్యలో నాలుగడుగుల జాగా. ఆ నాలుగడుగుల జాగాకు అటూ ఇటూ పడుకుని నాలుగేళ్ళు మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

కారణం ఒక గోడ. రోడ్డు నుంచి మా వాకిట్లోకి ఒక బాట ఉండేది. ఎడ్లబండి పోయేంత వెడల్పు. అది మా తాత ఇద్దరు కొడుకులకూ కలిపి వదిలిన బాట. నాలుగేళ్ళ కిందట మా అన్న సెలవు మీద ఊరికి పోయి, ఇంటి చుట్టూ గోడ కట్టించాడు. కడితే కట్టుకున్నాడు, మూడడుగులు బాటలోకి జరిగి కట్టాడు. ఆ రోజు నుంచి మా వాకిట్లోకి ట్రాక్టర్ రావడం బంద్. వడ్ల బస్తాలు రోడ్డు మీద దించితే మా ఆవిడ, ఇద్దరు కూలివాళ్ళు నెత్తిన మోసుకొచ్చారు. నేను ఇక్కడి నుంచి ఫోన్ చేసి, ఇదేం పని అన్నా అని అడిగాను. కావాలంటే సర్వేయర్‌ను పిలిచి కొలిపించుకో అన్నాడు. కొలిపించుకోవడానికి నేను ఘాలాలో ఉన్నాను, గోడ ఊళ్ళో ఉంది. ఆ సంగతి తెలిసే అన్నాడు. నా నెత్తురు ఉడికిపోయింది. సెలవు అయిపోయి ఆయన తిరిగి వచ్చి మంచం మీద బ్యాగు పెట్టిన రోజున నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. అదే మొదలు.

మాటలు లేకపోయినా వంట ఒకటే, కిచెన్ ఒకటే. మా మధ్య ఒక మేస్త్రీ ఉండేవాడు, పక్క మండలం మనిషి, ప్లాస్టరింగ్ చేస్తాడు. గ్యాస్ ఆపమను, కారం ఎక్కువైందను, ఏసీ తగ్గించమను అని మేమిద్దరం ఆయనకు చెప్పుకునేవాళ్ళం. నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషికి వినబడిన మాటనే మేస్త్రీ మళ్ళీ ఒకసారి చెప్పేవాడు. నాకు కంపెనీ రెండు జీతాలియ్యాలె అని నవ్వేవాడు.

ఇక ఒక్క పని మాత్రం మేస్త్రీ లేకుండానే నడిచేది. ఊరికి కార్గోలో పంపే అట్టపెట్టెల మీద అడ్రస్ రాయడం. క్యాంపు మొత్తంలో తెలుగు చక్కగా రాసేది నేనే అని పేరు. దుప్పట్లు, సబ్బులు, పాలపొడి, పిల్లల బట్టలు కుక్కి, టేపు చుట్టి, శుక్రవారం నాడు పెట్టెలన్నీ నా మంచం దగ్గరికి వచ్చేవి. నల్ల మార్కర్‌తో నాలుగు పక్కలా రాసేవాణ్ణి. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం. గుండ్రటి అక్షరాలు, కొమ్ములు, తోకలు పొడుగ్గా లాగి రాయడం నాకు అలవాటు. ఎవరి పెట్టె వెళ్ళినా ఊళ్ళో రాత మాత్రం నాదే.

మా అన్నకు సంతకం తప్ప రాయడం రాదు. మాటల్లేని రోజుల్లో కూడా తన పెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టి, దాని మీద మార్కర్ పెట్టి బయటికి పోయేవాడు. అడగడు. నేనూ ఏమీ అనకుండా రాసేవాణ్ణి. వదిన నాకేం చేసింది, పిల్లలేం చేశారు అనుకునేవాణ్ణి. అసలు సంగతి వేరు. మా ఇంటి పక్క ఇంటికి వచ్చే పెట్టె మీద ఇంకొకడి కోడిగీతలు కనబడటం నాకు నచ్చేది కాదు.

ఇలా ఉండగా ఊళ్ళో సర్పంచి ఎన్నికలు వస్తాయని మాట పుట్టింది. ఎప్పటినుంచో వస్తాయి, వస్తాయి అంటున్నవే. ఈసారి నిజంగానే వచ్చేలా ఉన్నాయి, మా ఊరు జనరల్ అయ్యేలా ఉంది అని ఫోన్లు. మా అన్న పద్దెనిమిదేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నా, సెలవుకు పోయినప్పుడల్లా నలుగురిని వెంటేసుకుని తిరిగే మనిషి. ఊళ్ళోవాళ్ళు కొందరు నువ్వు నిలబడు, మేం చూసుకుంటాం అన్నారట. అంతే, ఆయన నడక మారిపోయింది. రోజూ సాయంత్రం బాత్‌రూమ్ దగ్గర లైన్లో నిలబడి, మోరీలు, బోర్లు, వీధి లైట్లు అంటూ ప్లాన్లు చెప్పేవాడు. కంపెనీకి ఎగ్జిట్ రాసిచ్చాడు. ఎగ్జిట్ అంటే వీసా కొట్టేయించుకుని పూర్తిగా వెళ్ళిపోవడం. పద్దెనిమిదేళ్ళ పని వదిలేసి, ఉన్నదంతా ఆ ఒక్క కుర్చీ మీద పెట్టాడు. నాకు మాత్రం ఒకటే అర్థమైంది. ఈయన సర్పంచి అయితే మా బాట ఇక ఈ జన్మలో రాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం తిన్న ప్లేట్లు కడుక్కుని వచ్చాను. మేస్త్రీ నా మంచం మీద కూర్చుని, మీ అన్న పేరు ఓటర్ లిస్టులో ఉందో లేదో చూడాలంట, నిలబడాలంటే లిస్టులో ఉండాలంట అన్నాడు. అన్న కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. అవసరం ఉన్న మనిషికి నోరు లేదా అన్నాను మేస్త్రీతో. రూమ్ అంతా చెవులు నిక్కించింది. అన్న నా వైపు తిరిగాడు.

"లిస్టుల నా పేరున్నదా సూడు తమ్మీ."

నాలుగేళ్ళ తర్వాత మొదటి మాట. నిజం చెప్పొద్దూ, నాకు గుండెల్లో చల్లగా అయింది. వంగాడు కదా అనుకున్నాను. ఆయన పర్సులోంచి ఓటరు కార్డు తీసి ఇచ్చాడు. ఫోన్లో నంబరు కొట్టాను. పేరు, తండ్రి పేరు, వయసు, మా ఊరి బడి పోలింగ్ కేంద్రం, అన్నీ వచ్చాయి. ఉందని చెప్పాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

ఊరికే ఉండక, నాది కూడా చూద్దామని నా కార్డు నంబరు కొట్టాను. ఏమీ లేదని వచ్చింది. తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. లేదు. మా ఊరి లిస్టు తెరిచి ఇంటి నంబరు పట్టుకుని వెతికాను. మా ఇంట్లో మా ఆవిడ పేరు ఒక్కటే ఉంది. పక్కింట్లో అన్న, వదిన ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు. నా మొహం చూసి మేస్త్రీ ఏమైందని అడిగాడు. నా పేరు తీసేశారు అన్నాను.

అన్న తన కార్డు పర్సులో పెట్టుకుంటూ, "నీ పేరు ల్యాకుంటే ఏమాయె? నిన్నెవలన్న నిలవడుమంటున్నరా?" అన్నాడు.

అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. నేను లేచి చెప్పులు వేసుకుని కంపెనీ సామాను పెట్టే యార్డు దాకా నడిచాను. ఎండ మాడు పగలగొడుతోంది. తల మాత్రం ఎండ వల్ల కాలడం లేదు. ఇద్దరం ఒకే దేశంలో, ఒకే రూమ్‌లో ఉన్నాం. ఆయన పేరు ఉంది, నా పేరు పోయింది. పోయినేడు లిస్టులు సవరించే రోజుల్లో ఆయన సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాడు. ఇంకేం కావాలి? గోడ కట్టినవాడికి పేరు కొట్టేయించడం ఒక లెక్కా? ఆ యార్డు గేటు దగ్గరే నేను తీర్పు చెప్పేశాను.

ఆ తర్వాత రెండు రోజులు ఆఫీసు కంప్యూటర్‌లో రూల్స్ చదివాను. ఓటరు కావాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి. మన దేశ పౌరుడై ఉండాలి. మామూలుగా ఆ ఊళ్ళోనే ఉంటూ ఉండాలి. మొదటి రెండూ అందరికీ ఉన్నవే. మా మెడకు చుట్టుకునేది మూడోది. రెండేళ్ళకొకసారి రెండు నెలలు ఇంట్లో పడుకునేవాడు మామూలుగా ఎక్కడ ఉన్నట్టు? దాని కిందనే ఇంకో మాట ఉంది. కొంతకాలం వేరే చోటికి పోయినంత మాత్రాన మనిషి తన ఊరివాడు కాకుండా పోడు అని. ఈ రెండు మాటలూ చదివాను. రెండూ అర్థమయ్యాయి. రెండోది అర్థం కాలేదని ఇప్పుడు అబద్ధం చెప్పను.

విదేశాల్లో ఉండేవాళ్ళకు వేరే ఫారం ఉంది. పాస్‌పోర్ట్‌లో ఉన్న అడ్రస్ మీద మళ్ళీ పేరు రాయించుకోవచ్చు. కానీ ఓటు వెయ్యాలంటే అసలు పాస్‌పోర్ట్ చేత పట్టుకుని మా ఊరి బడి దగ్గర లైన్లో నిలబడాలి. ఇక్కడి నుంచి వేసే దారి లేదు. మా పాస్‌పోర్ట్‌లన్నీ కంపెనీ ఆఫీసులో ఇనుప బీరువాలో ఉంటాయి. దాని తాళం మందూబ్ దగ్గర ఉంటుంది. కంపెనీ కాగితాలు పట్టుకుని సర్కారు ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషిని ఇక్కడ అలా అంటారు. అంటే నా ఊళ్ళో నేను ఓటు వెయ్యాలంటే మస్కట్‌లో ఒక మందూబ్ బీరువా తాళం తీయాలి, కంపెనీ సెలవివ్వాలి, విమానం ఎక్కాలి. ఛీ అనుకుని ఆ పేజీ మూసేశాను. నా పేరు సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆయన పేరు సంగతి చూద్దాం అనిపించింది.

దానికి ఉన్నది ఏడో నంబరు ఫారం. లిస్టులో ఉన్న ఒక పేరు మీద అభ్యంతరం చెప్పి తీసేయమని అడిగే ఫారం. చదువుతూ పోతే కింద ఒక గమ్మత్తు రూలు. అభ్యంతరం చెప్పేవాడు కూడా అక్కడి ఓటరే అయి ఉండాలి. నా పేరు లేదు కదా, నాకు ఆ హక్కు కూడా పోయింది. పళ్ళు నూరుకుంటూ మా ఆవిడకు ఫోన్ చేసి, నా పేరు తీయించింది అన్నే అని చెప్పి, ఆయన మీద ఫారం పెట్టమన్నాను.

ఆన్‌లైన్లో పెడదామంటే ఆమె ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఎవరు అడిగినా, నేను అడిగినా సరే ఓటీపీ చెప్పొద్దని ఆమెకు నేనే నేర్పాను. ఎవరో నా గొంతు పెట్టి మోసం చేయవచ్చని భయపెట్టాను. ఇప్పుడు నేనే అడిగితే, నువ్వే చెప్పొద్దంటివి గదా అని చెప్పలేదు. ఎంత తిట్టినా చెప్పలేదు. చివరికి ఫారం ఆఫీసులో ప్రింటు తీసి, చేత్తో నింపాను. అన్న పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. ఆ మూడూ ఎన్ని పెట్టెల మీద రాశానో, చూడకుండానే రాసేశాను. తీసేయడానికి కారణం అన్న చోట, ఈ వ్యక్తి పద్దెనిమిది సంవత్సరాలుగా ఒమన్ దేశంలో ఉంటున్నాడు, ఊళ్ళో ఉండటం లేదు అని గుండ్రంగా రాశాను. ఫోటో తీసి పంపాను. ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించి, కింద సంతకం పెట్టి అంగన్‌వాడీ టీచర్‌కు ఇమ్మన్నాను. మా ఊళ్ళో ఓటర్ల పని చూసే బీఎల్వో ఆవిడే.

మా ఆవిడ రెండు రోజులు నాన్చింది. పక్కపక్క ఇళ్ళవాళ్ళం, ఎందుకీ లొల్లి అంది. బస్తాలు నెత్తిన మోసింది నువ్వా నేనా అని అడిగాను. ఆ మాటకు మెత్తబడింది. సంతకం పెట్టి ఇచ్చేసింది.

కొన్ని రోజులకు అన్న మళ్ళీ నా మంచం దగ్గరికి వచ్చాడు. ఈసారి మేస్త్రీ లేడు, మిగతావాళ్ళు బట్టలు ఆరేయడానికి పోయారు. ఎగ్జిట్ కాగితాలు దాదాపు అయిపోయాయి, టికెట్ తీయడమే మిగిలింది. ఆయన ఫోన్ నా ముందు పెట్టాడు. వదిన ఒక కాగితం ఫోటో తీసి పంపింది. ఎవరో వచ్చి ఇంట్లో ఇచ్చి పోయారట. వదినకు చదువు రాదు, పిల్లలు హాస్టల్లో ఉన్నారు. వంకరగా తీసిన ఫోటో. అయినా నాకు మొదటి లైను చూడగానే తెలిసింది. మీ పేరు తొలగించాలని అభ్యంతరం వచ్చింది, ఫలానా రోజున వచ్చి గానీ, మీ తరఫున మనిషిని పంపి గానీ జవాబు చెప్పుకోవచ్చు అని రాసి ఉంది. అభ్యంతరం పెట్టిన మనిషి పేరు దగ్గర మా ఆవిడ పేరు.

అన్న నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మనకు మనకు ఎన్నున్నా, కాగితం నువ్వు సదివితెనే నాకు నమ్మకం. దీన్ల ఏమున్నది?"

జవాబు నాకు తెలుసు. వదిన చేతికి ఎగ్జిట్ కాగితం కాపీ పంపి, ఈయన పూర్తిగా వచ్చేస్తున్నాడు, కొంతకాలమే బయట ఉన్నాడు అని ఆఫీసులో చెప్పిస్తే పేరు నిలబడేది. రూలు ఆయన వైపే ఉంది. అది చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆయన నా మొహం చూస్తూ కూర్చున్నాడు, డాక్టర్ ముందు కూర్చున్నట్టు.

"మామూలు కాగితమే అన్నా. ఎలక్షన్ల ముంగట అందరికి ఇస్తరు. ఏం జేసే పని లేదు."

ఆయన ఫోన్ తీసుకుని, అక్కడే వదినకు ఫోన్ చేసి, ఏం లేదట, తమ్ముడు చెప్పిండు, ఆ కాగితం పెట్టెలో పడెయ్ అన్నాడు. తమ్ముడు చెప్పిండు అనేసరికి నా చెవులు వేడెక్కాయి. అయినా నోరు విప్పలేదు. మా ఆవిడ నెత్తి మీది బస్తాలు తలుచుకుని కోపాన్ని మళ్ళీ మంట పెట్టుకున్నాను. మూడడుగులు, మూడడుగులు అనుకుంటూ కూర్చున్నాను.

పోయే ముందు తన ఆఖరి పెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టాడు. ఈసారి బయటికి పోలేదు, పక్కనే నిలబడ్డాడు. నాలుగు పక్కలా రాశాను. బాగ రాసినవ్ అన్నాడు. ఎయిర్‌పోర్ట్ బస్సు దాకా రూమ్‌లో అందరూ వెళ్ళారు, నేను తలనొప్పి అని పడుకున్నాను.

తర్వాత వారం రోజులు నేను ఊరి కబుర్ల కోసం గోతికాడ నక్కలా కాచుకుని కూర్చున్నాను. నామినేషన్లు అయిపోయిన మర్నాడు మేస్త్రీకి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా అన్న మెడలో తువ్వాలు వేసుకుని, పాతిక మందిని వెంటేసుకుని నామినేషన్ వేయడానికి పోయాడట. లిస్టులో పేరు లేదన్నారట. పాత ఓటరు కార్డు చూపించాడట. కార్డు కాదు, లిస్టులో ఉండాలి అన్నారట. కొత్తగా రాయించుకోవడానికి కనీసం కొన్ని రోజుల గడువు పడుతుంది, ఆ గడువు దాటిపోయింది అన్నారట. వెంట వచ్చిన పాతిక మందీ ఒక్కొక్కరే జారుకున్నారట. ఆ సాయంత్రానికి ఇంకొకాయన ఏకగ్రీవం.

మేస్త్రీ చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను బయటికి వచ్చి నీళ్ళ కూలర్ పక్కన నిలబడి మా ఆవిడకు ఫోన్ చేశాను. నవ్వుతూ చేశాను. ఎట్లుంది మీ బావ సంగతి అని అడిగాను.  

ఆమె నెమ్మదిగా చెప్పింది. బావ ఊళ్ళో దిగిన మర్నాడే ఇద్దరు మనుషులను పెట్టి గోడ పడగొట్టించాడు. మూడడుగులూ వదిలి వెనక్కి జరిపి కట్టుకుంటానన్నాడు. ట్రాక్టర్ మా వాకిట్లోకి వచ్చింది. ఈ మాట నాకెందుకు చెప్పలేదని అరిచాను. చెబితే నువ్వు సంబురపడతవో, ఆ ఫారం యాది చేసుకొని బాధపడతవో తెల్వలేదు అంది. ఓట్ల కోసం తీసి ఉంటాడు, నన్ను నమ్మించొద్దు అన్నాను. ఎందుకు తీస్తేంది, బాట అయింది గదా అంది.

అంతటితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

"నీ పేరు తీపిచ్చింది బావ గాదు. నేనే."

పోయినేడు అంగన్‌వాడీ టీచర్ రిజిస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మా ఊళ్ళో ఎవరు రిజిస్టర్ పట్టుకుని గుమ్మం ముందు నిలబడినా ఇళ్ళ స్కీము వచ్చిందనో, రేషన్ కార్డులు రాస్తున్నారనో అనుకుంటారు. మా ఆవిడ కూడా అలాగే అనుకుంది. గల్ఫ్‌లో మొగుడున్నాడని తెలిస్తే ఇల్లు రాదని ఊళ్ళో అందరి భయం. అందుకని, ఆయన ఈడ ఉంటలేడు, ఎన్నో ఏండ్లాయె, రాడు, పోడు, నేను ఒక్కదాన్నే అని చెప్పి, చూపించిన చోట సంతకం పెట్టింది. ఇల్లు రాలేదు. నా పేరు పోయింది. నామినేషన్ గొడవ అయ్యాక మనసాగక టీచర్ దగ్గరికి పోయి, మా ఆయన పేరు ఎవరు తీయించారని అడిగితే, టీచర్ రిజిస్టర్ తెరిచి ఆమె సంతకమే చూపించిందట.

నేను ఆమెను నానా మాటలూ అన్నాను. తెలివి ఉందా అన్నాను, మొగుడు బతికుండగానే రాడు పోడు అని చెబుతావా అన్నాను. ఆమె అంతా విని, మరి నువ్వు ఒచ్చినవా అని అడిగి ఫోన్ పెట్టేసింది.

నేను అన్నకు ఫోన్ చేయలేదు. చేయాలని ఒకటి రెండుసార్లు నంబరు దాకా పోయాను. ఏమని చేస్తాను? క్షమాపణ చెప్పడం అటుంచి, లోపల ఇంకా ఒక మూల ఆయన మీద కోపమే ఉంది. గోడ ముందే తీసి ఉంటే ఈ పాపం నేను చేసేవాణ్ణి కాదు కదా, ఇదీ నీ వల్లే అని కోపం. చేసిన పని కన్నా ఆ కోపానికే నాకు ఎక్కువ సిగ్గు వేస్తుంది ఇప్పుడు. అప్పుడు వేయలేదు.

ఏడు నెలలకు అన్న మళ్ళీ ఒమన్ వచ్చాడని మేస్త్రీ చెప్పాడు. ఊళ్ళో తల ఎత్తుకోలేక, పనీ లేక, ఇంకో కాంట్రాక్టర్ కింద కొత్త వీసా మీద నిజ్వాకు వచ్చాడట. పద్దెనిమిదేళ్ళ సర్వీసు పోయింది, మళ్ళీ కొత్తవాడి లెక్క. 

ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన మా రూమ్‌కు వచ్చాడు. నిజ్వా నుంచి రెండు గంటలు బస్సులో, చంకలో ఒక అట్టపెట్టె పెట్టుకుని. చిక్కిపోయాడు. కిటికీ వైపు మంచం ఇప్పుడు వేరేవాళ్ళది. అక్కడ ఒకసారి చూసి, నేరుగా నా దగ్గరికి వచ్చి పెట్టె నా మంచం మీద పెట్టాడు. మార్కర్ దాని మీద పెట్టాడు. ఎప్పటిలాగే. తర్వాత జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి మార్కర్ పక్కన పెట్టాడు.

"సదువు తమ్మీ. గట్టిగ సదువు."

విప్పకుండానే తెలిసింది. ఏడో నంబరు ఫారం, జిరాక్స్ కాపీ. రూమ్‌లో మేస్త్రీ ఉన్నాడు, ఇంకో ముగ్గురు ఉన్నారు.  అయినా చదివాను. అన్న పేరు చదివాను. పెద్దనాన్న పేరు చదివాను. ఇంటి నంబరు చదివాను. ఈ వ్యక్తి పద్దెనిమిది సంవత్సరాలుగా ఒమన్ దేశంలో ఉంటున్నాడు అని చదివాను. కింద మా ఆవిడ పేరు చదివాను. మేస్త్రీ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు.

అన్న గొంతు పెంచలేదు. పేరు ఎందుకు పోయిందని మండలం ఆఫీసులో అడిగితే ఈ కాగితం చూపించారని, పక్కన వదిన ఉందని చెప్పాడు. చదువు రాని మనిషి ఆ కాగితం చూడగానే, ఇది మన డబ్బాల మీద రాసే చెయ్యి అందట. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ డబ్బాలను పడేయకుండా బట్టలు పెట్టుకునే మనిషి. ఇంటికి వచ్చి ఒక డబ్బా పక్క చింపి, కాగితం పక్కన పెట్టి ఆయనకు చూపించిందట.

"పేరు తీపిచ్చిననాడు కోపంల తీపిచ్చినవ్, సరే," అన్నాడు. "నోటీసు తెచ్చి నీ ముంగట పెట్టిననాడు ఎందుకు చెప్పలే?"

 గోడ అనబోయాను. గోడ లేదు. నా పేరు నువ్వే తీయించావనుకున్నాను అనబోయాను. అది ఇంకా సిగ్గుచేటు. మేస్త్రీ నా వైపు చూస్తున్నాడు, ఇంతకాలం మా మాటలు అటూ ఇటూ మోసినవాడు. ఆ రోజు నా తరఫున ఒక్క మాట కూడా మోయలేదు. ఇప్పటికీ నాతో అవసరానికి తప్ప మాట్లాడడు.

అన్న మార్కర్ మూత తీసి నా చేతిలో పెట్టాడు.

"రాయి. నువ్వే రాయాలె. ఊర్లె నా పేరు ఇగ ఈ డబ్బ మీదనే ఉంటది."

రాశాను. నాలుగు పక్కలా రాసేదాకా ఆయన నా తల మీద నిలబడే ఉన్నాడు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు, మండలం. అయిపోయాక పెట్టె చంకలో పెట్టుకుని, ఫారం మాత్రం నా మంచం మీదే వదిలి, నిజ్వా బస్సుకు వెళ్ళిపోయాడు.